ఎక్కించినవాళ్లే దించాలంటే ఎన్ని ఓట్లు?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు రీకాల్ గురించే. గెలిపించిన నాయకుణ్ణి అయిదేళ్లు ఆగకుండా మధ్యలోనే దించే పద్ధతి అది. దాదాపు అందరూ "ఎంత శాతం కావాలి?" అని అడిగారు. "దేనిలో శాతం?" అని ఒక్కరూ అడగలేదు. కిటుకంతా ఆ రెండో ప్రశ్నలోనే ఉంది కాబట్టి, జవాబుల్లో అది మళ్లీమళ్లీ వస్తే విసుక్కోవద్దు.

ప్రశ్న: మా సెంటర్లో కొందరు కుర్రాళ్లు బల్ల వేసుకుని, ఎమ్మెల్యేను రీకాల్ చేయాలంటూ సంతకాలు తీసుకుంటున్నారు. ఓటరు కార్డు జిరాక్సు కూడా అడుగుతున్నారు. లక్ష సంతకాలు వస్తే పదవి పోతుందా?
(ఒక రిటైర్డు టీచరు, బ్రాడీపేట, గుంటూరు)

జవాబు: పోదు. నియోజకవర్గంలో ఉన్న ఓటర్లంతా వరసలో నిలబడి సంతకం పెట్టినా పోదు. ఎమ్మెల్యేను గానీ ఎంపీని గానీ ఓటర్లు మధ్యలో దించే చట్టం మన దేశంలో లేదు. 1974లో సి.కె. చంద్రప్పన్ లోక్‌సభలో ఇందుకోసం రాజ్యాంగ సవరణ బిల్లు పెట్టారు. వాజపేయి సమర్థించారు కూడా. బిల్లు నెగ్గలేదు. 2016లో వరుణ్ గాంధీ మరో ప్రైవేటు బిల్లు (మంత్రి కాని సభ్యుడు సొంతంగా పెట్టేది) తెచ్చారు. నియోజకవర్గం ఓటర్లలో నాలుగో వంతు సంతకం పెడితే ఓటింగు జరపాలని, అందులో ఓడితే సభ్యత్వం పోవాలని ఆ బిల్లులో ఉంది. అదీ చట్టం కాలేదు.

ఎమ్మెల్యే పదవి పోయే దారులు వేరే ఉన్నాయి. రాజీనామా, రెండేళ్లు లేదా అంతకు మించి జైలు శిక్ష, 1985లో రాజ్యాంగంలో చేరిన పదో షెడ్యూలు కింద పార్టీ ఫిరాయింపు అనర్హత, అనుమతి లేకుండా 60 రోజులు సభకు రాకపోవడం, ఎన్నికే చెల్లదని కోర్టు తేల్చడం. వీటిలో మామూలు ఓటరు నేరుగా తలుపు తట్టగలిగేది చివరిదే. ఫలితం ప్రకటించిన 45 రోజుల్లోపు హైకోర్టులో ఎన్నికల పిటిషన్ వేయాలి, 2,000 రూపాయల డిపాజిట్ కట్టాలి. 46వ రోజున వెళితే ఆలస్యాన్ని మన్నించే వీలు కోర్టుకు లేదు. అది కూడా ఎన్నిక జరిగిన తీరు మీద వేసే పిటిషనే. "రోడ్డు వేయలేదు, ఫోను ఎత్తడు" అన్న ఫిర్యాదుకు అక్కడ చోటు లేదు.

ఆ బల్ల దగ్గర నిరసనగా సంతకం పెట్టాలనిపిస్తే పెట్టండి, అది మీ హక్కు. కానీ కాగితం పైభాగాన ఏముందో చదివి పెట్టండి. ఫారం 7 అంటే ఓటరు జాబితాలోంచి పేరు తీసేయమనే దరఖాస్తు. ఖాళీ కాగితం మీద సంతకం అసలే వద్దు. చట్టబలం లేని కాగితానికి ఓటరు కార్డు జిరాక్సు ఎందుకు? మొహమాటానికి ఇవ్వక తప్పకపోతే, దాని మీద అడ్డంగా గీత గీసి, ఎందుకు ఇచ్చారో, ఏ తేదీన ఇచ్చారో రాసి ఇవ్వండి.

ప్రశ్న: ఎంపీపీలను అవిశ్వాసం పెట్టి దించుతుంటారు కదా, అది రీకాల్ కాదా? మరి సర్పంచిని అలా దించలేరంటారేం?
(ఒక రైతు, తెనాలి)

జవాబు: ఎక్కించిందెవరో వాళ్లే దించాలి. ఈ ఒక్క సూత్రం పట్టుకుంటే మీ రెండు ప్రశ్నలకూ జవాబు దొరుకుతుంది. ఎంపీపీని ఎన్నుకునేది ఎంపీటీసీలు. కాబట్టి అవిశ్వాసం పెట్టేదీ వాళ్లే. ఓటరుకు అందులో పాత్ర లేదు గనక అది రీకాల్ కాదు.

లెక్క ఇలా ఉంటుంది. మండలంలో 18 మంది ఎంపీటీసీలు ఉన్నారనుకోండి. నోటీసు మీద సగానికి తగ్గకుండా సంతకాలు కావాలి. సగం అంటే 9. సమావేశంలో నెగ్గాలంటే మూడింట రెండు వంతులు. అంటే 12 చేతులు లేవాలి. 11 లేస్తే ఓడినట్టే. ఇక్కడ చాలామంది బోర్లాపడే చోటు ఇంకొకటి ఉంది. ఒక ఎంపీటీసీ చనిపోయి సీటు ఖాళీగా ఉన్నా, మొత్తం సభ్యుల సంఖ్య 18 గానే లెక్కిస్తారు. ఖాళీ కుర్చీ కూడా అడుగున ఉండే అంకెలో కూర్చునే ఉంటుంది. అంటే ఆ కుర్చీ ఎంపీపీ తరఫున ఉన్నట్టే. సస్పెండైన సభ్యుడూ లెక్కలో ఉంటాడు, వచ్చి ఓటు కూడా వేయవచ్చు.

కార్పొరేషన్లదీ ఇదే దారి. 2025 ఏప్రిల్ 19న విశాఖ మేయరుపై అవిశ్వాసం నెగ్గినప్పుడు 111 మంది సభ్యుల కౌన్సిల్లో పడిన ఓట్లు 74. మూడింట రెండు వంతులు సరిగ్గా అంతే. ఒక్కరు జ్వరమొచ్చి ఆగిపోయినా మేయరు కుర్చీ కదిలేది కాదు. విజయవాడలో 64 డివిజన్ల వాళ్లూ ఓటు వేసేది కార్పొరేటరుకే, మేయరును ఎన్నుకునేది కౌన్సిలే. కాబట్టి దించే పని కూడా కౌన్సిల్ హాల్లోనే జరగాలి. పదవి చేపట్టిన ఎన్నాళ్లకు అవిశ్వాసం పెట్టవచ్చన్న గడువు మాత్రం సవరణలతో మారుతూ వచ్చింది. నోటీసు ఇచ్చే రోజున అమల్లో ఉన్న రూలు చూసుకుని ఇవ్వాలి.

సర్పంచిని గ్రామం నేరుగా ఎన్నుకుంటుంది. అందుకే వార్డు మెంబర్ల అవిశ్వాసం ఉపసర్పంచి దాకానే పనిచేస్తుంది. సర్పంచి నిధులు తిన్నాడనో విధులు ఎగ్గొట్టాడనో ఆరోపణ ఉంటే, సంజాయిషీ అడిగి, విచారించి తొలగించే అధికారం పంచాయతీరాజ్ చట్టం కలెక్టరుకు ఇచ్చింది. ఊరు ఎక్కించింది, దించేది మాత్రం ఆఫీసు. ఈ ఖాళీని పూరించడానికే కొన్ని రాష్ట్రాలు రీకాల్ పెట్టుకున్నాయి.

ప్రశ్న: ఆ రాష్ట్రాలేవో చెప్పండి. నిజంగా ఎవరైనా దిగారా?
(ఒక డిగ్రీ విద్యార్థిని, సత్యనారాయణపురం, విజయవాడ)

జవాబు: దిగారు. మధ్యప్రదేశ్, ఛత్తీస్‌గఢ్, రాజస్థాన్, బిహార్ పట్టణ స్థానిక సంస్థల చట్టాల్లో రీకాల్ చేర్చాయి. హర్యానా 2020లో పంచాయతీల్లో తెచ్చింది. మధ్యప్రదేశ్‌లో అనూప్‌పూర్ మున్సిపల్ అధ్యక్ష పదవికి 2001లో రీకాల్ ఓటింగు జరిగింది, అధ్యక్షురాలు దిగిపోయారు. ఛత్తీస్‌గఢ్‌లో 2008 జూన్‌లో నవాగఢ్, గుండర్‌దేహి, రాజ్‌పూర్ పట్టణాల్లో ముగ్గురు అధ్యక్షులు ఒకేసారి పదవి పోగొట్టుకున్నారు.

మధ్యప్రదేశ్ పద్ధతిలో చూడాల్సింది మొదటి మెట్టు. ఓటర్లు నేరుగా ఎన్నుకున్న అధ్యక్షుడైనా సరే, రీకాల్ మొదలుపెట్టే అధికారం ఓటర్లకు లేదు. ఎన్నికైన కౌన్సిలర్లలో నాలుగింట మూడు వంతుల మంది సంతకం పెట్టి కలెక్టరుకు ఇవ్వాలి. కలెక్టరు వాళ్లను విచారించి సంతకాలు నిజమేనని తేల్చుకుంటే ప్రభుత్వం ద్వారా రాష్ట్ర ఎన్నికల సంఘానికి వెళుతుంది. అప్పుడు రహస్య ఓటింగు, పోలైన ఓట్లలో సగానికి మించి రావాలి. పదవి చేపట్టిన తొలి ఏళ్లలో పెట్టకూడదు, మొత్తం పదవీకాలంలో ఒక్కసారే పెట్టాలి. 20 మంది కౌన్సిలర్లున్న ఊళ్లో 15 మందిని కూడగట్టగలిగేవాళ్లకే ఇది ఆయుధం. అందుకే అక్కడి రీకాళ్లు చాలావాటిలో జనం కోపం కన్నా కౌన్సిలర్ల కొట్లాటే ముందు కనబడుతుంది.

బ్యాలెట్ మీది గుర్తులు మాత్రం ముచ్చటగా ఉంటాయి. ఒకటి ఖాళీ కుర్చీ, ఇంకోటి మనిషి కూర్చున్న కుర్చీ. దిగాలంటే ఖాళీ కుర్చీ మీద ముద్ర, ఉండాలంటే నిండు కుర్చీ మీద. "అవును, కాదు" అని పెడితే దేనికి అవును, దేనికి కాదు అని తికమకపడే చోట ఇంతకన్నా తేట మార్గం లేదు. 2004లో వెనిజులాలో అధ్యక్షుడు చావెజ్‌ను దించాలా అని అడిగినప్పుడు ఆయన అభిమానులు "వద్దు" మీదా, గిట్టనివాళ్లు "అవును" మీదా నొక్కాల్సి వచ్చింది. రెండు పక్షాల ప్రచారమూ ఆ రెండు ముక్కలు నేర్పించడంతోనే సగం గడిచింది.

ప్రశ్న: మా అమ్మాయి కాలిఫోర్నియాలో స్థిరపడింది, అక్కడ ఓటు కూడా ఉంది. 2021లో గవర్నర్ రీకాల్ బ్యాలెట్‌లో రెండు ప్రశ్నలు వచ్చాయట. "మొదటిదానికి వద్దని వేస్తే రెండోది ఖాళీగా వదిలేయాలా?" అని అప్పట్లో ఇంట్లో పెద్ద చర్చ. అసలు రూలేమిటి?
(ఒక గృహిణి, మొగల్రాజపురం, విజయవాడ)

జవాబు: అక్కడ గవర్నర్ అంటే జనం నేరుగా ఎన్నుకునే రాష్ట్రాధినేత, మన ముఖ్యమంత్రిలాంటివాడు. ఇక మీ ప్రశ్న. రూలు ప్రకారం వదిలేయనక్కర్లేదు. రెండు ప్రశ్నలూ విడివిడివి. గవర్నర్ ఉండాలని వేసినవారు కూడా, ఒకవేళ ఆయన దిగితే ఎవరు రావాలో చెప్పవచ్చు. ఒకప్పుడు చట్టంలో మెలిక ఉండేది. మొదటి ప్రశ్నకు ఓటు వేయనివాళ్ల రెండో ఓటు లెక్కపెట్టొద్దని రాసుండేది. 2003లో ఫెడరల్ కోర్టు దాన్ని కొట్టేసింది. ఖాళీగా వదిలేయండని 2021లో చెప్పింది గవర్నర్ న్యూసమ్ పక్షం, చట్టం కాదు.

బ్యాలెట్‌ను దగ్గర పెట్టుకుని చూద్దాం. పైన: "ఫలానా గవర్నర్‌ను రీకాల్ చేయాలా? అవును / కాదు." కింద: "రీకాల్ అయితే ఆయన స్థానంలో ఎవరు?" అని అభ్యర్థుల పేర్లు. పై ప్రశ్నకు "అవును" సగానికి మించితేనే కింది ఓట్లకు విలువ. సరిగ్గా సగం వస్తే గవర్నర్ ఉంటాడు. కింద మాత్రం సగం అక్కర్లేదు, అందరికన్నా ఎక్కువ వస్తే చాలు. దించబడుతున్న గవర్నర్ పేరు కింది జాబితాలో ఉండకూడదు.

దీనివల్ల ఒక వింత పుడుతుంది. లక్ష మంది ఓటేశారనుకుందాం. పైన 50,100 మంది "అవును", 49,900 మంది "కాదు". గవర్నర్ దిగాడు. కింద ఇరవై మంది పోటీలో ఓట్లు చీలి, మొదట నిలిచినవాడికి 18,000 వచ్చాయి. 49,900 మంది కావాలన్నవాడు ఇంటికి, 18,000 మంది కావాలన్నవాడు కుర్చీలోకి!

2003 అక్టోబరు 7న ఈ వింత దగ్గరదాకా వచ్చి ఆగింది. గవర్నర్ గ్రే డేవిస్‌ను దించాలన్నవారు 49,76,274 మంది, వద్దన్నవారు 40,07,783 మంది. కింద గెలిచిన ఆర్నాల్డ్ ష్వార్జెనెగర్‌కు 42,06,284 ఓట్లు. అంటే డేవిస్‌ను ఉంచాలన్నవాళ్లకన్నా సుమారు 2 లక్షలు ఎక్కువ. ఆయనకు అంత సినిమా పేరు లేకపోతే ఈ లెక్క తిరగబడి ఉండేది. 2021 సెప్టెంబరు 14న పరిస్థితి వేరు. సుమారు 62 శాతం "వద్దు" అనడంతో న్యూసమ్ నిలిచారు. మొదటి ప్రశ్నకు సుమారు 1.28 కోట్ల ఓట్లు పడితే, రెండోదానికి సుమారు 73 లక్షలే పడ్డాయి. కింద మొదట నిలిచిన లారీ ఎల్డర్‌కు వచ్చినవి 36 లక్షల లోపే. పైన ఫలితం తారుమారై ఉంటే, ఖాళీగా వదిలేసిన యాభై లక్షల మందికి కొత్త గవర్నర్ ఎంపికలో ఏ పాత్రా ఉండేది కాదు. మీ అమ్మాయి అప్పుడేం చేసిందో మాకు చెప్పనక్కర్లేదు గానీ, ఇలాంటి బ్యాలెట్ మళ్లీ వస్తే రెండూ నింపమనండి. కింది ఓటు వేసినంత మాత్రాన పై ఓటు బలహీనపడదు.

సంతకాల లెక్కలోనూ ఒక తమాషా ఉంది. గవర్నర్ రీకాల్‌కు గత గవర్నర్ ఎన్నికలో పోలైన ఓట్లలో 12 శాతం సంతకాలు 160 రోజుల్లో తేవాలి. కనీసం అయిదు కౌంటీల్లో (మన జిల్లాల్లాంటివి) ఒక్కో శాతం చొప్పున ఉండాలి. 2002 ఎన్నికలో పోలింగ్ పలచగా జరిగింది, దాంతో 2003కు కావాల్సిన సంతకాలు 8,97,158కి దిగాయి. 2018లో జనం బాగా కదిలారు, కాబట్టి 2021కి ఆ అంకె 14,95,709 అయింది. పోయిన ఎన్నికల్లో జనం ఎంత తక్కువగా బూతుకు వెళితే ఈసారి దించడం అంత తేలిక!

విస్కాన్సిన్ రాష్ట్రంలో తంతు ఇంకోలా ఉంటుంది. అక్కడ "దించాలా" అనే ప్రశ్నే ఉండదు. సంతకాలు చాలితే నేరుగా కొత్త ఎన్నిక పెడతారు. రాజీనామా చేయకపోతే పాత గవర్నర్ పేరు కూడా బ్యాలెట్‌లో ఉంటుంది. 2012లో స్కాట్ వాకర్ అలాగే పోటీ చేసి 53 శాతంతో మళ్లీ గెలిచారు. కాలిఫోర్నియా వింత అక్కడ జరగదు. మా ఓటు ఈ పద్ధతికే.

ప్రశ్న: 2003లో కాలిఫోర్నియాలో 135 మంది పోటీ చేశారట. మన ఈవీఎం అయితే తట్టుకునేదా?
(ఒక మొబైల్ షాపు యజమాని, గాంధీనగర్, విజయవాడ)

జవాబు: తట్టుకునేది. ఒక్కో బ్యాలెట్ యూనిట్‌కు 16 బటన్లు. 135 మందికి నోటా కలిపితే 136, అంటే 9 యూనిట్లు. ఎం3 రకం ఈవీఎంకు 24 యూనిట్ల దాకా తగిలించవచ్చు. పాత ఎం2కు నాలుగే, 64 దగ్గర ఆగిపోతుంది. 2019లో నిజామాబాద్ లోక్‌సభకు రైతులు మూకుమ్మడిగా నామినేషన్లు వేసి 185 మంది బరిలో నిలిస్తే 12 యూనిట్లు వరసగా పేర్చారు. అంతకుముందు 1996లో నల్గొండలో 480 మంది నిలబడినప్పుడు ఈవీఎం లేదు, బ్యాలెట్ పేపరు కాస్తా బ్యాలెట్ పుస్తకమైంది.

కాలిఫోర్నియాలో 135 మంది ఎందుకు వచ్చారంటారా? 65 మంది సంతకాలు, 3,500 డాలర్లు ఉంటే నామినేషన్ పడేది. పేర్ల వరస కోసం అక్షరాలను లాటరీ తీశారు. ఆర్ ముందొచ్చింది, తర్వాత డబ్ల్యూ, క్యూ, ఓ, జె... ఎల్ ఆఖరిది. పైన ఉన్న పేరుకు లాభం ఉంటుంది కాబట్టి 80 అసెంబ్లీ జిల్లాల్లో జిల్లాకో పేరు చొప్పున పైనుంచి కిందికి తిప్పారు. ఓటరు తన అభ్యర్థిని అక్షరక్రమంలో వెతుక్కునే వీల్లేక పేజీలన్నీ తిరగేయాల్సి వచ్చింది.

ప్రశ్న: ఇష్టం లేకపోతే ఓటుకు వెళ్లకుండా ఉండటం కూడా ఒక ఎత్తేనా? రీకాల్ ఓటింగును బహిష్కరించి గెలిచినవాళ్లు ఉన్నారా?
(ఒక ప్రైవేటు ఉద్యోగి, మంగళగిరి)

జవాబు: ఉన్నారు. రూలులో కనీస పోలింగ్ శాతం పెడితే ఆ ఎత్తు దానంతటదే పుట్టుకొస్తుంది. 2012 జులై 29న రొమేనియాలో అధ్యక్షుడు బసెస్కును దించాలా వద్దా అని ఓటింగు పెట్టారు. వేసినవాళ్లలో సుమారు 87 శాతం దించాలన్నారు. కానీ ఓటర్లలో సగం మంది బూతుకు రావాలన్నది రూలు, వచ్చింది 46 శాతమే. ఆయన మనుషులు ఇంట్లో కూర్చున్నారు, ఆయన పదవిలో కూర్చున్నారు. వాళ్లు మర్యాదగా వెళ్లి "వద్దు" అని వేసి ఉంటే పోలింగ్ సగం దాటి ఆయన పదవి పోయేది!

2022 ఏప్రిల్‌లో మెక్సికోలో ఇదే తలకిందులైంది. అధ్యక్షుడి అభిమానులే ముందుండి రీకాల్ ఓటింగు కోరారు, ప్రత్యర్థులు ఇంట్లో ఉండిపోయారు. ఉండాలన్నవారు 90 శాతం పైనే, పోలింగ్ 18 శాతం లోపే. కావాల్సింది 40 శాతం.

తైవాన్ 2016లో ఈ పోలింగ్ షరతు తీసేసింది. ఇప్పుడు రెండే షరతులు: దించాలన్న ఓట్లు మొత్తం ఓటర్లలో 25 శాతం చేరాలి, వద్దన్న ఓట్లకన్నా ఎక్కువ ఉండాలి. ఈ రూలు కింద బహిష్కరించడం చేజేతులా రెండో షరతును ఎదుటివాళ్లకు రాసివ్వడమే. 2020 జూన్ 6న కావోసియుంగ్ మేయరు హాన్ కువోయు తన వాళ్లను ఓటుకు వెళ్లొద్దన్నారు. దించాలన్న ఓట్లు 9,39,090. వద్దన్నవి 25,051. కావాల్సింది 5,74,996. ఆయన 2018లో గెలిచినప్పుడు వచ్చినవి 8,92,545. తనను ఎక్కించిన ఓట్లకన్నా దించిన ఓట్లే ఎక్కువ. 2025లో హాన్ పార్టీ పాఠం నేర్చుకుంది. జులై 26న 24 మంది శాసనసభ్యుల మీద, ఆగస్టు 23న మరో ఏడుగురి మీద రీకాల్ ఓటింగు జరిగితే, వాళ్ల మద్దతుదారులు వెళ్లి "వద్దు" అని వేశారు. ఒక్కరూ దిగలేదు.

వెనిజులా రాజ్యాంగంలో ఇంకో రకం మెట్టు ఉంది. అధ్యక్షుడు గెలిచినప్పుడు ఎన్ని ఓట్లు వచ్చాయో కనీసం అన్ని ఓట్లు దించాలని రావాలి. చావెజ్ 2000లో గెలిచింది సుమారు 37.6 లక్షలతో. 2004లో దించాలన్నవి సుమారు 39.9 లక్షలు. ఆ మెట్టు దాటేశారు. అయినా వద్దన్నవి 58 లక్షలు ఉండటంతో ఆయన నిలిచారు.

బహిష్కరణలో అసలు చెడు వేరే ఉంది. ఒక పక్షమంతా ఇంట్లో కూర్చుంటే, బూతు ముందు వరసలో కనబడ్డవాళ్లంతా ఎదుటి పక్షమని ఊరికి తెలిసిపోతుంది. రహస్య ఓటు పేరుకే మిగులుతుంది. మన దగ్గరైతే రోజుల తరబడి చెరగని సిరాచుక్క వేలి మీద ఉంటుంది. దించాలనుకున్న సర్పంచికి జాబితా అక్కర్లేదు, వేళ్లు చూస్తే చాలు.

ప్రశ్న: బ్రిటన్‌లో పది శాతం సంతకాలు పెడితే ఎంపీ దిగిపోతాడని విన్నాం. అంత తేలికా?
(ఒక న్యాయవాది, గుంటూరు)

జవాబు: పది శాతం తేలికే, ఆ సంతకాల దాకా రావడమే కష్టం. 2015 చట్టం ప్రకారం మూడు కారణాలకే పిటిషన్ తెరుస్తారు: ఏడాదికి మించని జైలు శిక్ష పడటం (మించితే పదవి దానంతటదే పోతుంది), సభ నుంచి కనీసం 10 సమావేశ రోజుల సస్పెన్షన్, అలవెన్సుల్లో దొంగ లెక్కల కేసులో దోషిగా తేలడం. హామీలు తప్పాడనో పార్టీ మారాడనో తెరవరు. తెరిచాక ఆరు వారాలు, నియోజకవర్గంలో పది చోట్ల దాకా కేంద్రాలు. ఓటరు జాబితాలో 10 శాతం చేరితే సీటు ఖాళీ, ఉప ఎన్నిక. అందులో అదే ఎంపీ మళ్లీ నిలబడవచ్చు.

2018లో నార్త్ ఆంట్రిమ్ ఎంపీ ఇయాన్ పైస్లీ మీద 7,543 సంతకాలు కావాల్సి ఉండగా 7,099 వచ్చాయి. 444 తక్కువై బతికిపోయారు. మరుసటి ఏడాది పీటర్‌బరోలో 27 శాతం దాటి సంతకం పెట్టారు.

ఇక్కడా గుట్టు దాగదు. పిటిషన్ మీద "ఉండాలి" అనే గడి లేదు. ఎంపీని సమర్థించేవాళ్లకు కేంద్రానికి వెళ్లే పనే లేదు. కాబట్టి లోపలికి వెళ్లినవారు ఎందుకు వెళ్లారో వీధికంతా తెలుసు. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో కారణం చెప్పి ఆ నియోజకవర్గం ఓటరు ఎవరైనా పిటిషన్ మొదలుపెట్టవచ్చు గానీ, 60 రోజుల్లో జాబితాలో 40 శాతం తేవాలి. 1995 నుంచి చట్టం ఉన్నా ఇప్పటిదాకా దాని కింద ఒక్కరినీ దించలేదు. 1998లో ఒక సభ్యుడు మాత్రం సంతకాలు లెక్కపెడుతుండగానే రాజీనామా చేశాడు.

ప్రశ్న: ఒకసారి దిగినవాళ్లు మళ్లీ రాగలరా?
(పేరు రాయలేదు, పొన్నూరు)

జవాబు: చట్టం అడ్డు పెట్టని చోట వచ్చారు. ఉత్తర డకోటా గవర్నర్ లిన్ ఫ్రేజియర్‌ను 1921లో దించేశారు, 1922లో అదే రాష్ట్రం ఆయన్ను అమెరికా సెనేట్‌కు పంపింది. కాలిఫోర్నియా రాష్ట్ర సెనేటర్ జోష్ న్యూమన్ 2018లో దిగి, 2020లో అదే సీటు గెలిచారు. తైవాన్‌లో మాత్రం దిగిన నియోజకవర్గంలో నాలుగేళ్లు పోటీ చేయకూడదు.

ప్రశ్న: ఎమ్మెల్యేల సంగతి అటుంచండి. మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ అధ్యక్షుణ్ణి దించడం ఎలా? 48 ఫ్లాట్లు. మీటింగుకు 26 మంది వచ్చారు, 18 మంది దించాలన్నారు, ఆయన చెల్లదంటున్నాడు.
(ఒక ఫ్లాటు యజమాని, భవానీపురం, విజయవాడ)

జవాబు: ముందు బైలా (అసోసియేషన్ నిబంధనల) పుస్తకం తీసి తొలగింపు నిబంధనలో ఒక్క మాట చూడండి. "హాజరైన సభ్యులలో మూడింట రెండు వంతులు" అని ఉంటే, 26లో 17.33, కాబట్టి 18 చాలు, ఆయన దిగినట్టే. "మొత్తం సభ్యులలో మూడింట రెండు వంతులు" అని ఉంటే 48లో 32 కావాలి, మీరు 14 దూరంలో ఉన్నారు. చేతులు అవే 18, మాట ఒక్కటే తేడా.

రెండోది నోటీసు. "అధ్యక్షుడి తొలగింపు" అన్న అంశం అజెండాలో రాసి, బైలా చెప్పినన్ని రోజుల ముందు అందరికీ అంది ఉండాలి. నీళ్ల ట్యాంకరు బిల్లు మీద చర్చకని పిలిచి "ఇతర అంశాలు" కింద దించేస్తే ఓట్లు ఎన్ని పడినా నిలవదు. వాట్సాప్ గ్రూపులో పెట్టడం సరిపోతుందా అన్నదీ బైలాలోనే ఉంటుంది. లేకపోతే కాగితం మీద ఇచ్చి సంతకం తీసుకోండి.

మూడోది ఓటెవరిది అన్నది. సాధారణంగా ఫ్లాటుకు ఒక ఓటు. భార్యాభర్తల పేర రిజిస్టరైన ఫ్లాటుకు ఇద్దరూ చెయ్యెత్తితే ఒకటి కొట్టేయాలి. అద్దెకున్నవారి చెయ్యి లెక్కలోకి రాదు. అమెరికాలో ఉన్న యజమాని తరఫున ఎవరైనా ఓటేస్తే రాతపూర్వక అధికారపత్రం ఉండాలి, బైలా ఒప్పుకోవాలి. మెయింటెనెన్సు బకాయి ఉన్నవారికి ఓటు లేదని కొన్ని బైలాలు అంటాయి. మీ 18 మందిలో అలాంటివారు ఒక్కరున్నా, హాజరు 26 గానే ఉండి ఓట్లు 17 అయి ఆయన గెలిచిపోతాడు. అందుకే మినిట్స్ పుస్తకంలో "18 మంది" అని రాసి ఊరుకోకుండా ఫ్లాటు నంబర్లు, ఎవరు ఎటు, అన్నీ రాసి హాజరైనవారి సంతకాలు తీసుకోండి.

నాలుగోది కోరం, అంటే మీటింగు చెల్లడానికి కావాల్సిన కనీస హాజరు. ఆయన వర్గం మీటింగుకు రాకుండా కోరం చెడగొట్టవచ్చు. రొమేనియా ఎత్తే ఇది. చాలా బైలాల్లో కోరం లేక వాయిదాపడ్డ మీటింగును మళ్లీ పెట్టినప్పుడు కోరం అక్కర్లేదని ఉంటుంది, కానీ పాత నోటీసులోని అంశాల మీదే తీర్మానం చేయాలి.

దించాక అదే మీటింగులో తర్వాతి అధ్యక్షుడెవరో తేల్చండి. సొసైటీగా రిజిస్టరై ఉంటే మారిన కార్యవర్గం జాబితా జిల్లా రిజిస్ట్రారుకు పంపాలి. తీర్మానం నకలు, కొత్తవారి నమూనా సంతకాలు బ్యాంకుకు వెంటనే ఇవ్వాలి. అవి బ్యాంకులో ఎక్కేదాకా చెక్కు మీద చెల్లేది పాత అధ్యక్షుడి సంతకమే. నెలాఖరుకు వాచ్‌మన్ జీతం, లిఫ్టు ఏఎంసీ (ఏడాది నిర్వహణ రుసుం) ఉంటాయి కాబట్టి, మీటింగు నెల మొదటి వారంలో పెట్టుకోండి.